టేకు ఆకు పోతే దుంగలో ఎంత పోతుంది?

హెక్టారుకు ఏడాదికి 6.7 ఘనపు మీటర్ల కలప పెరగాల్సిన టేకు తోటలో 3.7 మాత్రమే పెరిగింది. తక్కిన 3 ఘనపు మీటర్లు ఆకుతినే పురుగు పాలయ్యాయి. కేరళ అటవీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నిలంబూరులో 1979 నుంచి అయిదేళ్లపాటు, ఒక లేత తోటలో కొన్ని చెట్లను పురుగు నుంచి కాపాడి, కొన్నిటిని వాటి మానాన వదిలి తేల్చిన లెక్క ఇది. నష్టం 44 శాతం.

మన అడితుల్లో కలప బేరం సీఎఫ్‌టీల్లో (ఘనపు అడుగుల్లో) కదా! ఆ లెక్కన చూస్తే కాపాడిన తోటలో ఎకరాకు ఏడాదికి సుమారు 96, వదిలేసిన తోటలో 53. తేడా 43 సీఎఫ్‌టీలు, అదీ ఒక్క ఏడాదిలో.

ఈ నష్టం కంటికి ఆనదు. ఆరుద్ర కార్తెలో బోడిగా మారిన చెట్టు కొద్ది వారాల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఆకు పోయినంత మాత్రాన టేకు చావడం అరుదు. అయితే ఆ రెండో చిగురు ఊరికే రాదు. వేళ్లలో, మానులో దాచుకున్న పిండిపదార్థం దానికే ఖర్చవుతుంది. చెట్టు ముందు ఆకునూ వేరునూ నిలబెట్టుకుంటుంది, మిగిలినదానితోనే మాను లావెక్కుతుంది. ఆ మిగులే లేకపోతే చుట్టుకొలత అక్కడే ఆగిపోతుంది.

అదే నిలంబూరు పరిశీలనలో ఇంకో సంగతి బయటపడింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది అదే. టేకుకు రెండో పురుగు కూడా ఉంది. అది ముదురాకులో ఈనెలు వదిలేసి మధ్య పచ్చదనాన్ని గీరి తింటుంది, ఆకు జల్లెడలా మిగులుతుంది. చూడ్డానికి తోటంతా మాడిపోయినట్టే ఉంటుంది. కానీ దానివల్ల కలప చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అది వచ్చేసరికి ఏడాది పెరుగుదల దాదాపు ముగిసి, ఆకు రాలే కాలం దగ్గరపడుతుంది. మొదటి పురుగు మాత్రం లేత చిగురు మీదే పడుతుంది. నష్టాన్ని తేల్చేది పోయిన ఆకు ఎంతన్నదానికన్నా అది ఏ కార్తెలో పోయిందన్నదే.

దీన్ని మన కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల గట్ల మీది టేకుకు అన్వయిస్తే జాగ్రత్త ఇంకా పెరగాలి. నిలంబూరులో ఏటా 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన, మన జిల్లాలో సుమారు 700. కాబట్టి ఆ 43 సీఎఫ్‌టీలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోకూడదు, మన చెట్టు ఎదుగుదలే తక్కువ. కానీ తడి ఉండే నెలలు తక్కువైన నేలలో, ముంగారు వానకు వచ్చిన తొలి చిగురు పోతే ఆ లోటు తీర్చుకునే వ్యవధి కూడా తక్కువే.

అందుకే మృగశిర, ఆరుద్ర కార్తెల్లో రెండు మూడు రోజులకోసారి లేతాకులు తిప్పి చూడండి. ఆకు అంచు కత్తిరించి మడత పెట్టుకుని ఉంటే లోపల పురుగు ఉన్నట్టే. దాని మేతకాలం పన్నెండు రోజులకు అటూఇటూ, వారం ఆగితే ఆకు మిగలదు. చేతికందే మొక్కలకు బీటీ (బాసిల్లస్ థురింజియెన్సిస్) మందు పనిచేస్తుంది. హస్త, చిత్తల్లో ఆకు జల్లెడైతే మందుకు డబ్బు పెట్టొద్దు. రెండు మూడేళ్ల మొక్కల్లో తలచిగురు పోయిందేమో కూడా చూసుకోవాలి. పోతే కొమ్మలు చీలి దుంగ వంకరవుతుంది. నిటారుగా లేచే ఒక్క చిగురును ఉంచి పక్కవి తుంచేయండి.