పిరుదు నుండి పాదానికి పాకే నొప్పి – గృధ్రసీ వాతం

శ్రీవారి దర్శనార్థం అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఎక్కే భక్తులలో కొందరు పిరుదులో మొదలై తొడ వెనుకగా పిక్క వరకు దిగే నొప్పితో మధ్యలోనే కూలబడుతుంటారు. మరికొందరు రాత్రంతా బస్సులో ప్రయాణించి, దిగగానే కాలు నేలపై మోపలేకపోతారు. వయసు తెచ్చిన కీళ్లనొప్పి అనుకొని దీనిని ఏళ్ల తరబడి భరించేవారూ ఉన్నారు. నిజానికి ఇది కీలుకు కాక నాడికి సంబంధించిన బాధ. తుంటి కీలు అరిగినప్పుడు నొప్పి సాధారణంగా గజ్జలో తెలుస్తుంది.

చరక సంహిత దీనిని వాతవ్యాధులలో గృధ్రసిగా వర్ణించింది. గృధ్రమనగా గ్రద్ద, రోగి నడక ఆ పక్షి నడకను పోలి ఉండటం వల్ల ఈ పేరు వచ్చిందని చెబుతారు. నేటి వైద్యులు దీనినే సయాటికా అంటున్నారు.

కారణాలు

శరీరంలోని నాడులన్నిటిలో సయాటిక్ నాడి లావైనది. నడుము దిగువన వెలువడే నాడీమూలాల కలయికతో ఏర్పడి, పిరుదులోని పిరిఫార్మిస్ కండరం దగ్గరగా సాగి, తొడ వెనుకగా కిందికి దిగుతుంది. వెన్నుపూసల మధ్యనున్న డిస్కు జరిగి నాడీమూలాన్ని నొక్కడమే అధికుల్లో కారణం. అప్పుడు దగ్గినా, తుమ్మినా, ముందుకు వంగినా నొప్పి హెచ్చుతుంది. కొందరిలో పిరుదు కండరమే బిగుసుకొని నాడిని ఒత్తుతుంది. చాలాసేపు కూర్చోవడం, వెనుక జేబులో లావైన పర్సు ఉంచుకోవడం ఈ బాధను పెంచుతాయి. వృద్ధులలో వెన్నులోని నాడీమార్గం ఇరుకైతే నడిచినప్పుడు నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది.

ఉపశమనం

ఎక్కువమందికి శస్త్రచికిత్స లేకుండానే 6 నుండి 12 వారాలలో బాధ తగ్గుముఖం పడుతుంది. రోజుల తరబడి మంచం పట్టడం మేలు చేయదు. ఓర్చుకోగలిగినంత నడక అవసరం. కండరం బిగువు సడలేందుకు వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, నొప్పి ఉన్న కాలి చీలమండను రెండవ మోకాలిపై ఉంచాలి. ఆ రెండవ తొడను చేతులతో మెల్లగా ఛాతీ వైపు లాగి 30 సెకన్లు నిలపాలి. ఇలా మూడుసార్లు చేయాలి. నొప్పి పాదం వైపు పాకితే వెంటనే మానాలి. కాపడం హాయినిస్తుంది, అయితే స్పర్శ మందగించిన మధుమేహులకు తెలియకుండానే చర్మం కాలే ప్రమాదం ఉంది. నడుము తొక్కించుకోవడం, వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు వాడటం తగదు. ఆరు వారాలు దాటినా తగ్గకుంటే వైద్య పరీక్ష తప్పనిసరి.

ఆలస్యం కూడని లక్షణాలు

మలమూత్రాలపై అదుపు తప్పడం, మూత్రం బిగబట్టినట్లు ఆగిపోవడం, జననాంగ ప్రాంతం మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం – వీటిలో ఏది కనిపించినా ఆనాడే ఆసుపత్రికి చేరాలి. జాప్యమైతే ఆ లోపం శాశ్వతం కావచ్చు. పాదం పైకి లేవక జారిపోతున్నా వెంటనే వైద్యుని చూడాలి.

యాత్రికులకు

ప్రయాణంలోనూ, వేచి ఉండే మందిరాలలోనూ అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. మూటలు మోయవలసి వస్తే రెండు చేతులకూ సమంగా పంచుకోండి. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు మెట్ల మొక్కును, అంగప్రదక్షిణను వాయిదా వేసుకోవడం అపచారం కాదు. స్వామి ఇచ్చిన దేహాన్ని కాపాడుకోవడమూ ఆయన సేవలో భాగమే. కోలుకున్న పాదాలతో మొక్కు తీర్చుకోవచ్చు.