పచ్చికకు ప్రతినిధి: గోల్ఫు అభ్యాసపు మ్యాటు

గోల్ఫు ఆటను చూచువారి కన్నులు సహజముగనే ఆకాశమున కెగసిన బంతి వెంట పరుగిడును. కాని ఆ బంతి యెంత దూరము పోవలెనో, ఏ దిక్కునకు మరలవలెనో నిర్ణయమగునది ఆకాశమున గాదు. ఆటగాని పాదముల చెంత, జానెడు పొడవునకు మించని నేలమీద. 45.93 గ్రాములకు మించని బరువును, 42.67 మిల్లీమీటర్లకు తగ్గని వ్యాసమును గల యా బంతిని క్లబ్బు తాకియుండు కాలము సెకనులో సుమారు రెండువేలవ వంతు. ఆ క్షణాంశమునందు ఉక్కునకును బంతికిని నేలకును నడుమ జరుగు వ్యవహారమే ఆటగాని నేర్పును, నేర్పులేమిని వెల్లడించును. అట్టి నేలను పచ్చికతో గాక నైలానుతోను రబ్బరుతోను కల్పింపవలసి వచ్చినప్పుడు ఆ కల్పన యెట్టిదై యుండవలెనన్న ప్రశ్న, పైకి చిన్నదిగా తోచినను, పదార్థశాస్త్రమును, శరీరశాస్త్రమును, శిక్షణధర్మమును ఒక్కచోట చేర్చునట్టి ప్రశ్న.

పచ్చిక యుండగా మ్యాటేల యని యడుగువారికి పచ్చిక స్వభావమే ప్రత్యుత్తరము. ఇనుప క్లబ్బుతో సరిగా కొట్టిన దెబ్బకు అరచేతి యంత పచ్చిక పెల్ల లేచిపోవును. దీనినే ఆటగాండ్రు డివాటు అందురు. దినమునకు వందలకొలది బంతులు కొట్టు అభ్యాసస్థలమున ఆ గాయములు మానుటకు వారములు పట్టును; అంతలోపల ఆ చోటు దున్నిన మడివలె నగును. భూమి కరవైన జపాను నగరములలో అంతస్తులుగా కట్టిన అభ్యాసశాలలు వెలసినవి. మేడల వరుసలలో పచ్చిక పెంచుట సాధ్యము గాదు గనుక అక్కడ ఆటగాడు నిలుచునది మ్యాటుమీదనే. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పాత మైదానము గోల్ఫు క్రీడకు పుణ్యక్షేత్రము వంటిది; శీతకాలమున పచ్చిక పెరుగుదల మందగించును గనుక అచ్చటనే నవంబరు నుండి మార్చి వరకు ఆటగాండ్రు చిన్న మ్యాటును వెంట గొనిపోయి, ఫెయిర్‌వే యను కోసిన పచ్చికబాటలో దానిపై బంతినుంచి కొట్టవలసి యుండును. ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీ పట్టణమున గడ్డి లేని గోల్ఫు మైదానమొకటి కలదు. అక్కడివారును చిన్న పచ్చిక ముక్కను చేతబట్టుకొనియే యాడుదురు. గోల్కొండ కోట చెంత నయా ఖిల్లాలోను, విశాఖపట్టణమునను చక్కని మైదానములు గల మన ప్రాంతమునందు సైతము, ప్రతిదినము మైదానమునకు పోజాలక ఇంటి డాబామీద వల గట్టి సాధన చేయదలచినవానికి మ్యాటే శరణ్యము.

మ్యాటు దేనికి ప్రతినిధియో తెలియవలెనన్న, నిజమైన నేలమీద జరుగు క్రియను ముందుగా గ్రహింపవలెను. క్రొత్తవాడు బంతిని క్రిందినుండి పైకి ఎత్తవలెనని భావించును. నిపుణుడు చేయునది దానికి విపరీతము. నేలపై నున్న బంతిని ఇనుప క్లబ్బుతో కొట్టునప్పుడు నిపుణుని క్లబ్బు పైనుండి వాలుగా క్రిందికి దిగుచు, ముందుగా బంతిని తాకి, ఆ తరువాతనే నేలను చొచ్చును. వృత్తి క్రీడాకారుల ఏడవ నంబరు ఐరను, అనగా ఇనుప క్లబ్బు, విషయమున ఈ వాలు సుమారు 4 డిగ్రీలు. క్లబ్బు పయనించు వంపులో అన్నిటికన్న దిగువనుండు స్థానము బంతికి కొన్ని అంగుళములు ముందుగా నుండును. అందువలననే వారి డివాటు బంతి యున్న చోటికి ముందుభాగమున కనబడును గాని వెనుక గాదు. నేల యిట్లు తెగిపడుట వలన క్లబ్బు ఒక్కసారిగా ఆగిపోక, పచ్చికను కోయుచు, మట్టిని త్రోయుచు, క్రమక్రమముగా తన వేగమును కోల్పోవును. క్లబ్బు అడుగు నిర్మాణమునకును ఈ క్రియకును విడదీయరాని సంబంధమున్నది. 1932లో ప్రిన్సెస్ మైదానమున బ్రిటిష్ ఓపెను గెలిచిన అమెరికా క్రీడాకారుడు జీన్ సారజెన్, తన వెడ్జి యను క్లబ్బు అడుగున లోహము నతికి దాని వెనుక అంచును క్రిందికి దించి, ఇసుకలో దిగబడిపోక జారిపోవు క్లబ్బును ప్రసిద్ధికి తెచ్చెను. నాటినుండి క్లబ్బు అడుగు నేలకొరకు, నేల స్వభావమును బట్టి తీర్చబడుచున్నది. కనుక నేల మారినచో క్లబ్బు నడవడియు మారితీరును.

ఇప్పుడు అదే క్లబ్బును సిమెంటు గచ్చుపై పరచిన పలుచని మ్యాటుమీద ఊహింతము. ఆటగాడు పొరపాటున బంతికి రెండంగుళములు వెనుకగా కొట్టినాడు. పచ్చికపై నైనచో క్లబ్బు మట్టిలో దిగబడి, వేగము పోగొట్టుకొని, బంతిని కొలదిదూరమునకే నెట్టును. తప్పు తప్పుగానే తెలియును. గట్టి మ్యాటుమీద నట్లు గాదు. క్లబ్బు దిగబడుటకు చోటు లేక, పైకి చిందులేచి, నున్నని నారలమీద జారి, బంతిని దాదాపు యథావిధిగా తాకును. బంతి అందముగా లేచి దూరముగా పడును. అభ్యాసకుడు సంతసించును. నెలలకొలది ఈ సంతోషముననే సాధన చేసి, ఒకనాడు నిజమైన ఫెయిర్‌వేమీద నిలిచి కొట్టినప్పుడు పెల్ల పెద్దదై, బంతి చిన్నదూరమున కూలబడగా, తన చేతి నేర్పు రాత్రికి రాత్రి యెక్కడికి పోయినదని విచారించును. నేర్పు పోలేదు, అది యెన్నడును కలుగనే లేదు. ముఖస్తుతి చేయు గురువు శిష్యునకు చేయు అపకారమునకు ఈ మ్యాటు చేయు అపకారము తీసిపోదు.

రెండవ అపకారము శరీరమునకు. ఈ సంగతి లెక్కలో చూచిన స్పష్టమగును. ఏడవ నంబరు ఐరను తల బరువు సుమారు 270 గ్రాములు. నిపుణుడు దానిని సెకనుకు 40 మీటర్ల వేగముతో 4 డిగ్రీల వాలుగా దింపినప్పుడు, అందు నిట్టనిలువుగా క్రిందికి పోవు వేగము సెకనుకు సుమారు 2.8 మీటర్లు. క్లబ్బు తలను మాత్రమే లెక్కలోనికి తీసికొని, ఈ నిలువు వేగము అణగుటకు నేల 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే ఇచ్చినదనుకొన్నచో, సగటు ప్రతిఘాతము 36 కిలోగ్రాముల బరువుతో సమానము. అదే నేల 12 మిల్లీమీటర్ల లోతు ఇచ్చినచో అది నాల్గవ వంతునకు, అనగా 9 కిలోగ్రాములకు దిగును. ఒక్క దెబ్బకు ఈ భేదము లెక్కింపదగినది కాకపోవచ్చును. కాని ఒక సాయంకాలమున నూరు బంతులు కొట్టువాని మణికట్టు, మోచేయి ఆ భేదమును నూరుమారులు భరింపవలెను. మోచేతి లోపలివైపు నరముకట్లు వాచి నొప్పిపెట్టు వ్యాధికి వైద్యలోకమున గోల్ఫరు మోచేయి యన్న పేరే స్థిరపడినది. అరచేతి మూలనుండు హామేటు అను చిన్న యెముక కొక్కెము, క్లబ్బు పిడి చివర దానికానుకొని యుండుటచేత, గట్టి నేలను తాకిన దెబ్బకు విరుగుట గోల్ఫు క్రీడాకారులయందు వైద్యు లెరిగినదే.

కావున మ్యాటును రూపొందించువాని యెదుట పరస్పరము విరోధించునట్లు కనబడు రెండు కర్తవ్యములు నిలుచును: శరీరమును కాపాడుట మొదటిది, తప్పును దాచకుండుట రెండవది. మెత్తదనము మాత్రమే చాలునన్నచో పరుపు వేసిన సరిపోవును. కాని మిక్కిలి మెత్తని ఫోము దెబ్బకు పూర్తిగా నలిగి అడుగున నున్న సిమెంటును తాకించును, లేదా స్ప్రింగువలె క్లబ్బును తిరిగి పైకి తన్నును. కావలసినది శక్తిని తిరిగి యీయక, దానిని మ్రింగు మెత్తదనము.

ఈ మ్రింగుడు ఏ యొక్క పదార్థము వలనను సిద్ధించునది కాదు. అందుచేతనే మంచి మ్యాటు పొరలు పొరలుగా నిర్మింపబడును. పైపొర నారలది. దీని చరిత్ర మైదానపు కృత్రిమ పచ్చికతో ముడిపడియున్నది. వాలెస్ కారొథర్స్ నాయకత్వమున డ్యూపాంటు ప్రయోగశాలలో 1935లో పుట్టిన నైలాను, 1964లో అమెరికాలోని ప్రావిడెన్సు నగరమందలి మోజెస్ బ్రౌన్ పాఠశాలలో ఆటస్థలపు కృత్రిమ పచ్చికగా పరచబడెను. 1966లో హ్యూస్టను నగరపు ఆస్ట్రోడోము క్రీడాశాలలో పరచబడినపిమ్మట ఆస్ట్రోటర్ఫు అన్న పేరు లోకప్రసిద్ధమయ్యెను. గోల్ఫు మ్యాటునకు నైలాను తగుటకు దాని దృఢత్వము మాత్రమే గాక, వేడికి ఓర్చుకొను గుణమును కారణము. వేగముగా రాసికొనిపోవు క్లబ్బు అడుగు ఘర్షణచేత నారలను వేడెక్కించును. నైలాను 6,6 కరుగుటకు సుమారు 265 డిగ్రీల సెల్సియసు కావలెను; చౌక మ్యాటులలో వాడు పాలీప్రొపిలీను సుమారు 165 డిగ్రీలకే కరగును. నాసిరకపు మ్యాటుమీద కొట్టినవారి క్లబ్బు అడుగున ఆకుపచ్చని చార అంటుకొనుటకు కారణ మిదియే. నారల నిలువును సాంద్రతయు గూడ ముఖ్యములు: పొట్టి నారలపై బంతి సిద్ధముగా నిలుచును గాని క్లబ్బు దిగజాలదు, నిలువుగా, దట్టముగా, పొడవుగా నాటిన నారలైనచో క్లబ్బు వానినడుమ దిగి ముందుకు చొచ్చుకొనిపోవును, బంతిని ఎత్తి నిలుపు కొయ్యటీని సైతము అందు గ్రుచ్చవచ్చును.

నారల క్రింద వానిని పట్టియుంచు నేత, దాని క్రింద ఆఘాతమును మ్రింగు ఫోము, అట్టడుగున జారక నిలుపు బరువైన రబ్బరు ఉండును. ఫోమునందును పైన మెత్తని పొర, క్రింద గట్టి పొర అమర్చినచో, తేలికదెబ్బకు పైపొర లోబడును, బలమైన దెబ్బను క్రిందిపొర ఆపును. ఇచ్చట రూపకర్తలు ఏమరరాని సూక్ష్మమొకటి కలదు. బంతి యుంచు పట్టీని మాత్రమే మందముగా చేసి, ఆటగాడు నిలుచు చోటును పలుచగా విడిచినచో బంతి పాదములకన్న ఎత్తున నుండును. మిట్టమీద నున్న బంతిని కొట్టినట్లే స్వింగు, అనగా క్లబ్బు విసురు, మారిపోవును, ఆ మారిన స్వింగే అలవాటగును. అందువలన రెండు తలములును సమముగా నుండవలెను. దెబ్బలన్నియు ఒక్కచోటనే పడును గనుక ఆ పట్టీ త్వరగా అరుగును. అది విడదీసి మార్చుకొనునట్లు, లేదా త్రిప్పి వేసికొనునట్లు చేయుట పొదుపునకు మార్గము. ఎండలో నుంచు మ్యాటైనచో నీరు కారుటకు రంధ్రములును, సూర్యకిరణముల నోర్చు రంగులును అవసరము.

ఈ పొరల నిర్మాణముతో తృప్తిపడని నిర్మాతలు వేరువేరు త్రోవలు త్రొక్కినారు. కొందరు నారల పట్టీ క్రింద జెల్లు నింపిన సంచినుంచి, దెబ్బకు ఉపరితలమంతయు ముందుకు కదలి తిరిగి వచ్చునట్లు చేసిరి. కొందరు కుంచెవలె నిలువుగా నాటిన గట్టి వెండ్రుకలపై బంతి నిలుపు ఏర్పాటు చేసిరి. ఇంకొక పద్ధతి నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది: పలకపై మఖమలు వంటి నూగు గల వస్త్రమును పరచినచో, క్లబ్బు రాసిన చోట నూగు వాలి జాడ పడును, చేతితో నిమిరిన జాడ మాసిపోయి మరల సిద్ధమగును. నేల తెగకయే డివాటు కనబడును. క్లబ్బు బంతికి వెనుక తాకినదా, ముందు తాకినదా, ఏ దిశగా సాగినదో యనునది అభ్యాసకుడు తన కన్నులార చూడగలుగును. దక్షిణ కొరియాలో 2000వ సంవత్సరమున స్థాపితమైన గోల్ఫ్‌జోను సంస్థ, మైదానమును తెరమీద చూపి ఆడించు తెరగోల్ఫునందు, ఆ మైదానపు వాలునకు అనుగుణముగా ఆటగాని పాదముల క్రింది వేదికయే ఒరుగునట్లు చేసి, ఫెయిర్‌వేకు, గుబురు గడ్డియగు రఫ్‌కు, ఇసుకగుంటయగు బంకరుకు వేరువేరు మ్యాటుల నమర్చి, ఆ యాటను జనసామాన్యమునకు చేర్చినది.

ఇక మంచిచెడ్డలను కొలుచు సాధనము లేకపోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన బేడెన్ క్లెగ్ 1970ల దశకమున నేల గట్టిదనమును కొలుచుటకు కల్పించిన సుత్తి నేడు క్రీడాస్థలములకు వాడబడుచున్నది, 2.25 కిలోగ్రాముల బరువును 45 సెంటీమీటర్ల ఎత్తునుండి జారవిడిచి, నేలను తాకినప్పుడు అది ఎంత తీవ్రముగా ఆగినదో కొలుచుట దాని పద్ధతి. ఒక ఫెయిర్‌వేను, ఒక మ్యాటును ఈ సుత్తితో పరీక్షించి పోల్చినచో నిలువు గట్టిదనము తెలియును. కాని క్లబ్బు నిలువుగా పడు సుత్తి గాదు. దాని వేగములో అధికభాగము అడ్డముగా సాగునది. కావున నార ఎంత ఒరగును, పట్టీ ఎంత ముందుకు జరుగును, అడుగును ఎంత పట్టి విడుచును అను విషయములను గూడ కొలిచిననే పరీక్ష సమగ్రమగును.

సామాన్యుడు ఈ యంత్రములు లేకయే కొంత పరీక్షింపవచ్చును. బొటనవ్రేలితో గట్టిగా నొక్కినప్పుడు అడుగున గచ్చు తగులు మ్యాటును కొనరాదు. కొయ్యటీని గ్రుచ్చి చూడవలెను. కొన్నపిమ్మట బంతికి నాలుగైదు అంగుళముల వెనుక మడచిన తువాలు నుంచి కొట్టవలెను; తువాలు కదలినచో బంతి యెంత చక్కగా ఎగిరినను ఆ దెబ్బ తప్పే. చేతికి నొప్పి తోచిననాడు బంతిని టీమీద నెత్తి పెట్టి కొట్టవలెను, లేదా సాధన మానవలెను.

2025 జనవరిలో ఫ్లారిడాలో నాలుగుగోడల నడుమ ప్రారంభమైన టీజీఎల్ అను గోల్ఫు పోటీలలో, పెద్ద తెర యెదుట నిలిచిన ప్రసిద్ధ క్రీడాకారులు దూరపు దెబ్బలను కొట్టినది నిజమైన పచ్చికమీదను, నిజమైన ఇసుకమీదను. ధనమునకును యంత్రములకును కొరతలేని చోటనే నిజమైన నేలను లోపలికి తెచ్చుకొనుట, మ్యాటు ఇంకను చేరవలసిన గమ్యమును మనకు చూపుచున్నది. మ్యాటు పచ్చికకు ప్రతినిధి. ప్రతినిధి గుణము అసలును పోలియుండుట, అసలు లేనప్పుడు దాని మాటను మార్చక చెప్పుట. కాబట్టి మ్యాటును కొనువాడు దానిపై బంతి యెంత దూరము పోవుననక, దానిమీద తన తప్పు తనకు తెలియునా, తన చేయి క్షేమముగా నుండునా యని యడుగవలెను. ఆ రెండు ప్రశ్నలకును అనుకూలమైన సమాధానమునిచ్చు మ్యాటుపై పడిన శ్రమయే మైదానమున ఫలించును.