వార్తల్లో పదం: వ్యర్థజల సేద్యం

ఇళ్లు, పరిశ్రమలు వాడి వదిలిన నీటిని శుద్ధి చేసో, చేయకుండానో పొలాలకు పారించడమే వ్యర్థజల సేద్యం. హైదరాబాద్‌లో మూసీ నది పునరుజ్జీవనం చర్చకు వచ్చిన ప్రతిసారీ ఈ మాటా ముందుకొస్తుంది.

పాతబస్తీని ఒరుసుకుంటూ పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్ వంతెనల కింద సాగే మూసీలో వానలు లేని నెలల్లో పారేది ఎక్కువగా నగరం మురుగే. దిగువ రైతులకు మాత్రం అది ఏడాది పొడవునా అందే తడి.

శివార్లలో ఆ నీటితో పారాగడ్డి పెంచుతారు. బురదను తట్టుకుంటుంది, కోసిన కొద్దీ చిగురిస్తుంది. మోపులు కట్టి అమ్మితే నగరంలోని గేదెలకు పచ్చిమేత, కోసినవారికి కూలి. ఇంకా దిగువన, నదికి అడ్డంగా కట్టిన కత్వలు నీటిని కాలువల్లోకి మళ్లించి వరి మడులు తడుపుతాయి.

మురుగులోని నత్రజని, భాస్వరం పైరుకు ఎరువే. అదే నీటిలో నులిపురుగుల గుడ్లు, లవణాలు, రసాయనాలూ ఉంటాయి. మడిలో దిగేవారికీ, పచ్చి ఆకుకూరలు తినేవారికీ ముప్పు అక్కడే.

ఈ సేద్యంపై 2002 నవంబరులో హైదరాబాద్‌లోనే అంతర్జాతీయ సదస్సు జరిగింది. పేదల బతుకుదెరువు కాపాడుతూనే ముప్పు తగ్గించాలని అది వెలువరించిన ‘హైదరాబాద్ ప్రకటన’ కోరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు శుద్ధితోపాటు పంట ఎంపిక, కోతకు ముందు తడులు ఆపడం, కూరగాయలు బాగా కడగడం వంటి జాగ్రత్తలు సూచించాయి.

ఇంటి మురుగును అంబర్‌పేట వంటి శుద్ధి కేంద్రాలు చాలావరకు బాగుచేయగలవు. పరిశ్రమల విషాలను మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి. నది ప్రక్షాళన ప్రణాళికల్లో గడ్డి రైతులకు, కత్వల కింది ఆయకట్టుకు దక్కాల్సిన నీటి వాటానూ రాయాలి.