చలికాలపు వాతావరణ సూచన: నగరంలోని అంకె, నారుమడిలోని చలి

జనవరి మాసంలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ సాగుతుండగా, అబిడ్స్ వీధుల్లో ఉన్ని దుస్తుల అమ్మకాలు జోరందుకుంటాయి. తెలంగాణ పల్లెల్లో యాసంగి వరి నారుమళ్ళు లేత దశలో ఉండేదీ, నాట్లు ఆరంభమయ్యేదీ ఆ రోజుల్లోనే. ‘హైదరాబాదులో కనిష్ఠ ఉష్ణోగ్రత 14 డిగ్రీలు’ అన్న వార్తను నగరవాసి, రైతు ఇద్దరూ వింటారు. అయితే ఆ అంకెకు ఇద్దరి విషయంలో ఒకే అర్థం లేదు. ఈ భేదాన్ని గ్రహించకపోతే నారు దెబ్బతినే ప్రమాదం ఉన్నది.

మొదట ‘మంచు’ అన్న మాటను పరిశీలిద్దాం. తెల్లవారుజామున గడ్డిపై నిలిచే నీటి బిందువులు, దారి కనబడనీయని పొగమంచు, ఆకులపై తెల్లగా పేరుకొనే తుషారం, ఆకాశం నుండి రాలే హిమం, ఇవన్నీ వాడుకలో మంచే. శాస్త్రరీత్యా ఇవి వేరువేరు. హిమం కురవాలంటే మేఘం నుండి నేల వరకు గాలి దాదాపు గడ్డకట్టే స్థితిలో ఉండాలి. శీతల దేశాల సూచనల్లో వినిపించే గడ్డకట్టే తుంపర మరొక రకం. అందులో సున్నా డిగ్రీలకన్నా చల్లబడి కూడా ద్రవరూపంలోనే ఉన్న సన్నని బిందువులు కొమ్మలను, తీగలను తాకగానే మంచుపొరగా మారతాయి. ఇందుకు నేల దగ్గరి గాలి సున్నా డిగ్రీలకు దిగువన ఉండాలి. హైదరాబాదులో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీల సెల్సియస్. కనుక ఈ రెండింటి భయం మనకు లేదు. తూర్పు కనుమల్లో సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో సైతం సందర్శకులు చూసేది ప్రధానంగా పొగమంచును, అరుదుగా తుషారాన్ని మాత్రమే.

అయినప్పటికీ హిమాలయాల్లో కురిసే హిమానికీ మన చలికీ సంబంధం ఉన్నది. మధ్యధరా ప్రాంతం వైపు నుండి వచ్చే పశ్చిమ అలజడులు కాశ్మీరు, హిమాచల్ ప్రదేశ్‌లలో హిమపాతాన్ని కలిగిస్తాయి. అవి తూర్పునకు జరిగిపోయిన తరువాత ఉత్తరాది నుండి పొడి, చల్లని గాలులు మధ్య భారతం మీదుగా దక్షిణానికి వీస్తాయి. వాటి ప్రభావం తెలంగాణలో ముందుగా ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలపై పడుతుంది. కాబట్టి ఉత్తరాదిన హిమపాతం ముగిసి ఆకాశం తేటపడుతున్నదన్న వార్తను రైతు ఒక ముందస్తు గుర్తుగా తీసుకోవచ్చు. బంగాళాఖాతం నుండి మేఘాలు వచ్చినప్పుడు మాత్రం రాత్రి ఉష్ణోగ్రతలు పెరుగుతాయి. మేఘాలు నేల నుండి వెలువడే వేడిని పైకి పోనీయక కొంత తిరిగి పంపడమే ఇందుకు కారణం.

ఇక నగరపు అంకెను పరిశీలిద్దాం. అబిడ్స్‌లో కాంక్రీటు, తారు పగటి వేడిని నిలువ చేసుకొని రాత్రంతా మెల్లగా విడుస్తాయి. ఎత్తైన భవనాల నడుమ ఆకాశం కొద్దిగానే కనిపించడం వలన ఆ వేడి త్వరగా పైకి పోలేదు. సమీపంలోనే ఉన్న నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో గడ్డినేల అంతకన్నా త్వరగా చల్లబడుతుంది. రాజేంద్రనగర్, పటాన్‌చెరు వంటి బయలు ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత బేగంపేట కేంద్రంలో కన్నా తరచుగా తక్కువ నమోదు కావడానికి ఇదే ముఖ్య కారణం. పైగా ఉష్ణమాపకాన్ని నేల నుండి ఒక మీటరుకు పైగా ఎత్తున, గాలి ఆడే పెట్టెలో ఉంచుతారు. గాలి వీచని, మేఘాలు లేని రాత్రి నేలను ఆనుకొని ఉన్న గాలి అంతకన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. నారు పెరిగేది ఆ చల్లని పొరలోనే.

మరొక ముఖ్యాంశం హెచ్చరికల కొలమానం. భారత వాతావరణ విభాగం మైదాన ప్రాంతాలలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువగా ఉండి, సాధారణం కన్నా 4.5 నుండి 6.4 డిగ్రీలు తగ్గితే శీతల పవనంగా, అంతకు మించి తగ్గితే తీవ్ర శీతల పవనంగా పరిగణిస్తుంది. కనిష్ఠం 4 డిగ్రీలకు పడిపోతే సాధారణంతో పోల్చకుండానే శీతల పవనంగా ప్రకటిస్తారు. సాధారణ కనిష్ఠం 12 డిగ్రీలు ఉండే ఊరిలో ఒక రాత్రి 8 డిగ్రీలు నమోదైతే తగ్గుదల 4 డిగ్రీలే. నిర్వచనం ప్రకారం అది శీతల పవనం కాదు. వరి నారుకు మాత్రం కనిష్ఠం 12 డిగ్రీలకు తగ్గి కొన్నాళ్ళు కొనసాగినా ఎదుగుదల కుంటుపడుతుంది. అనగా హెచ్చరిక వెలువడకముందే పైరుకు నష్టం మొదలుకావచ్చు. రైతు చూడవలసింది హెచ్చరిక రంగును మాత్రమే కాదు, తన మండలపు కనిష్ఠ ఉష్ణోగ్రతను, రాత్రి ఆకాశ స్థితిని, గాలి వేగాన్ని కూడా.

చలి ముదురుతుందన్న సూచన వచ్చినప్పుడు సాయంత్రం నారుమడిలోని చల్లని నీటిని తీసివేసి, వెదురు బద్దల ఊతంతో పాలిథిన్ పట్టాను లేదా ఖాళీ యూరియా సంచులతో కుట్టిన పట్టాను నారుకు తగలకుండా కప్పాలి. ఉదయం ఎండ రాగానే తొలగించి కొత్త నీరు పెట్టాలి. చలికాలపు ఉదయాన బోరు నీరు చెరువు నీటికన్నా వెచ్చగా ఉండడం వలన మేలు చేస్తుంది. చలికి వేర్లు పోషకాలను సరిగా తీసుకోలేవు. అందువలన పసుపు రంగుకు మారిన నారుపై యూరియా ఒక్కటే చల్లితే ఆశించిన ఫలితం రాదు. ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేయాలి.

నారు ఎదగక నాట్లు ఆలస్యమైతే పూత దశ వేసవి వేడిలో పడి తాలు గింజలు పెరుగుతాయి. కోత మే నెలకు జరిగితే మిల్లులో నూక శాతం హెచ్చి ధర తగ్గుతుంది. జనవరిలోని కొన్ని చలి రాత్రుల ప్రభావం ఈ విధంగా రైతు ఆదాయం వరకు చేరుతుంది. ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహా సంచికలు, మేఘదూత్ యాప్ నగరపు అంకెకన్నా రైతుకు దగ్గరి సమాచారాన్ని అందిస్తాయి. వీటితోపాటు నారుమడి గట్టున ఒక ఉష్ణమాపకాన్ని ఉంచి, సూచించిన కనిష్ఠానికీ తన పొలంలోని కనిష్ఠానికీ గల తేడాను ఒక సీజను పాటు రాసుకొన్న రైతు, మరుసటి యాసంగి నుండి ఏ సూచననైనా తన పొలానికి అన్వయించుకోగలడు.