వీల్డు: ఒక అడవి పేరు, ఒక పెద్ద లెక్క

ఇంగ్లండు ఆగ్నేయ భాగమున కెంటు, సర్రే, ససెక్సు మండలములలో వీల్డు అను ప్రాంతము కలదు. ఉత్తరమున నార్త్ డౌన్సు, దక్షిణమున సౌత్ డౌన్సు అను సుద్దకొండల వరుసలు దీనికి గట్లవలె నిలిచియున్నవి. ప్రాచీనాంగ్లమున వీల్డు అనగా అడవి. జర్మనులు అడవిని నేటికిని 'వాల్ట్' అందురు; రెండును ఒకే మూలమునుండి పుట్టిన మాటలు. ఈ అడవి నిడివి 120 మైళ్లో, అంతకు మించియో యుండుననియు, వెడల్పు 30 మైళ్లనియు ఆంగ్లో-సాక్సను చరిత్ర చెప్పుచున్నది.

ఈ పదమునకే మరియొక రూపము 'వోల్డు'. వింత యేమనగా, యార్క్‌షైరు వోల్డ్సు నేడు చాలవరకు చెట్లులేని మెట్టనేలలు. అడవి పోయినను పేరు నేలను వదలలేదు. క్రమముగా ఆ మాటకు ఎత్తైన బయలు అను అర్థమే స్థిరపడినది.

వీల్డు పేరు భూగర్భ శాస్త్రజ్ఞులకు వేరొక కారణమున సుపరిచితము. రెండు కొండవరుసలలోని సుద్ద ఒకప్పుడు ఒకే పొర. అది నడుమ కమానువలె పైకి లేచి, నెత్తిభాగము అరిగిపోగా, అడుగునున్న ప్రాత ఇసుకరాళ్లు, బంకమన్ను బయటపడినవి. సగము కోసి బోర్లించిన ఉల్లిగడ్డ నెత్తిని చెక్కివేసినచో లోపలి పొరలు నడుమను, వెలుపలి పొరలు అంచులందును కనబడును గదా! ఇదియు నట్టిదే.

ఈ అరుగుదలకు ఎంతకాలము పట్టెను? డార్విను 1859లో 'జాతుల ఉత్పత్తి' గ్రంథమున లెక్క వేసెను. 500 అడుగుల ఎత్తుగల గట్టును సముద్రము నూరేండ్లకొక అంగుళము చొప్పున కోయునని ఆయన ఊహ. వీల్డు వెడల్పు 22 మైళ్లు, అనగా 13,93,920 అంగుళములు. దానికి 13,93,92,000 ఏండ్లు. పొరల మందము సగటున 1,100 అడుగులు గనుక 2.2 రెట్లు చేయగా 30,66,62,400 ఏండ్లు వచ్చును. ఊహపై నిలిచిన లెక్కలో చివరి వందలవరకు అంకెలు వ్రాయుట కొంత సాహసమే. విమర్శలు రాగా 1861 నాటి మూడవ కూర్పున దానిని తొలగించెను.

సుద్ద పొరలు ఏర్పడినది సుమారు 10 కోట్ల ఏండ్లనుండి 6.6 కోట్ల ఏండ్ల క్రిందటి వరకు అని నేడు తెలియును. పుట్టి పదికోట్ల ఏండ్లయినను మించని రాయి అరుగుటకు ముప్పది కోట్లు పట్టుట అసంభవము. అరగదీసినది కూడ ముఖ్యముగా వానలు, నదులే. అయినను, భూమి వయస్సు 40 కోట్లకు మించదని 1862లో వాదించిన విలియం థాంసను (తరువాత కెల్విను ప్రభువు) కంటె, అపారమైన కాలమును కోరిన డార్వినే సత్యమునకు దగ్గరగా నుండెను. భూమి వయస్సు సుమారు 454 కోట్ల ఏండ్లు.