బోటు ఎక్కే ముందు ఒక్క మాట!

సెలవులొచ్చాయంటే పిల్లలు ఊరుకుంటారా? కరీంనగర్ వాళ్లు మానేరు డ్యాంకు, ఆదిలాబాద్ వైపు వాళ్లు కడెంకో, బాసరకో పోదామంటారు. అక్కడ బోటు కనబడితే ఎక్కాల్సిందే! మరి ఎక్కే ముందు, మునిగిన రెండు పడవల సంగతి వినండి.

కెనడాలో హ్యూరన్ అనే పెద్ద మంచినీటి సరస్సు ఉంది. దాని ఒడ్డున టోబర్మరీ అనే ఊళ్లో 1885లో 'స్వీప్‌స్టేక్స్' అనే తెరచాప ఓడ మునిగింది. గట్టుకు 50 గజాల దూరంలో, 20 అడుగుల లోతున ఇప్పటికీ ఉంది! వీపున గాలి సిలిండరు కట్టుకొని కొందరు దిగి చూస్తారు. ఈత రానివాళ్లు అడుగున అద్దం బిగించిన పడవలోంచి చూస్తారు. కొయ్య ఎందుకు చివికిపోలేదంటారా? సముద్రంలో ఓడ కొయ్యను తొలిచే పురుగు మంచినీళ్లలో బతకదు. పైగా ఆ నీళ్లు బాగా చల్లన, తేట.

రెండోది మన గోదావరిలో జరిగింది. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన 'రాయల్ వశిష్ఠ' బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. వరంగల్ పక్కన కడిపికొండ వాళ్లూ అందులో ఉన్నారు. వరద నీళ్లు, బురద, సుడులు... దిగినవాళ్లకు ఏం కనబడుతుంది? చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లు వేసి ఒడ్డుకు లాగింది. అక్టోబర్ 22న, 38వ రోజున, బోటు పైకొచ్చింది.

చూశారా! తేట నీళ్లలో మునిగిన ఓడ వేడుక అయింది. మన బురద నీళ్లలో మునిగితే వెతకడమే గగనం. అందుకే జాగ్రత్త గట్టు మీదే పడాలి.

* లైఫ్ జాకెట్ లేనిదే బోటు ఎక్కకండి. ఉక్క పోస్తున్నదని మధ్యలో విప్పకండి.

* కొంగు నడుముకు చుట్టి దోపుకొని, పైన జాకెట్ వేసుకొని, బకిళ్లన్నీ బిగించండి.

* పిల్లలకు పిల్లల సైజుదే అడగండి. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా జారితే అది పెద్దదన్నమాట.

* ఫొటోల కోసం అందరూ ఒక్క పక్కకే పోకండి.

* జనం ఎక్కువైతే మొహమాటపడకండి. తరవాతి బోటుకు ఆగండి.

పది నిమిషాలు ఆలస్యమైతే ఏం పోయింది? అందరూ క్షేమంగా ఇల్లు చేరాక, వేడివేడిగా సర్వపిండి చేసుకుందురు గాని!