సారు బదిలీ అయిండు, ఫైలు?

జహీరాబాద్‌లో ముంబయి హైవే పక్కన నాకొక చిన్న జిరాక్సు దుకాణం ఉంది. అంతకుముందు పదకొండేళ్లు సౌదీలో ఒక కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా చేశాను. అందుకే ఇకామా (అక్కడ ఉండే అనుమతి) గడువైనా, కఫీల్ (అక్కడి యజమాని)తో పంచాయితీ అయినా, గల్ఫ్ కాయితం ఏదొచ్చినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తెచ్చి నా బల్ల మీదే పెడతారు.

మొన్న వానాకాలంలో ఒకామె తడిసిన సంచితో వచ్చింది. ఆమె భర్త గల్ఫ్‌లో ఒక దేశంలో ఉన్నాడు. ఏడు నెలల జీతం రాలేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. అక్కడి మన ఎంబసీకి అర్జీ నేనే రాసిపెట్టాను. ఒక అధికారి రెండుసార్లు ఫోన్‌లో ఓపికగా విన్నాడు, కంపెనీతో మాట్లాడానని కూడా చెప్పాడు. మూడోసారి చేస్తే వేరే గొంతు పలికింది. “ఆయన పోయిన నెల వెళ్లిపోయారు. ఇంతకీ మీ విషయం ఏంటి?”

ఆమె నా మొహం చూసింది. “అన్నా, సారు బదిలీ అయిండట. మల్ల మొదటికెల్లి షురూ చెయ్యాల్నా?”

తహసీల్దారు మారితే మన పట్టా పని ఆగినట్టే, ఎంబసీలో సారు మారితే కార్మికుడి పని ఆగుతుంది. తహసీల్దారు ఆఫీసుకైతే పోయి గుమ్మం ముందు కూర్చోవచ్చు. ఎంబసీ మాత్రం సముద్రం అవతల ఉంది. అందుకే ఆ బదిలీల సంగతి మనలాంటివాళ్లకు కాస్త తెలిసి ఉండాలి.

మన విదేశాంగ అధికారులు ఒకచోట సాధారణంగా మూడేళ్లు ఉంటారు, కష్టమైన దేశాల్లో అయితే రెండేళ్లే. ఒకే చోట ఎక్కువ కాలం ఉంటే మనవాళ్ల కంటే ఆ ఊరివాళ్లకే దగ్గరవుతారన్న జాగ్రత్త ఇందులో ఉంది. ఎంబసీలో అందరికన్నా పైన రాయబారి. ఆయన కింద ఉప ప్రధానాధికారి, కౌన్సెలర్, ఫస్ట్, సెకండ్, థర్డ్ సెక్రటరీలు, అటాషేలు ఉంటారు. వీళ్లంతా వచ్చిపోయేవాళ్లే. అక్కడే జీతానికి చేరిన స్థానిక గుమాస్తాలు, దుబాసీలు మాత్రం ఏళ్ల తరబడి అదే కుర్సీలో ఉంటారు. పాత ఫైలు ఏ బీరువాలో ఉందో తెలిసింది వాళ్లకే.

ఈ రాకపోకలకు కట్టుబాట్లున్నాయి. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఎంబసీకి ఎవరు కొత్తగా వచ్చినా, ఎవరు కొలువు వదిలి వెళ్లినా ఆ దేశపు విదేశాంగ శాఖకు తెలియజేయాలి. రాయబారి విషయంలో పట్టింపు ఇంకా ఎక్కువ. పేరు ముందే పంపి ఆ దేశాన్ని ఒప్పించాలి. వచ్చాక ఆయన తన నియామక పత్రాన్ని ఆ దేశాధినేతకు అందిస్తాడు, దాంతోపాటు పాత రాయబారిని వెనక్కి పిలిచిన పత్రం కూడా ఇస్తాడు. మన దేశానికి వచ్చే రాయబారులకు ఈ తంతు ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌లో జరుగుతుంది. రాయబారి కుర్సీ ఖాళీగా ఉంటే కింది అధికారి ఒకరు తాత్కాలికంగా బండి నడుపుతారు. ఢిల్లీలోని అమెరికా ఎంబసీ 2021 జనవరి నుంచి రెండేళ్లకు పైగా అట్లాగే నడిచింది. చివరికి ఎరిక్ గార్సెట్టి 2023 మే 11న పత్రాలు సమర్పించారు.

మనిషి మారితే ఏమవుతుందో మన హైదరాబాద్ రాజ్యం రెండు వందల ఏళ్ల కిందే చూసింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న కోఠి భవనంలో అప్పట్లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు ఉండేవాడు. నిజాం దర్బారులో కంపెనీ తరఫు మనిషి ఆయన. హెన్రీ రస్సెల్ రెసిడెంటుగా ఉన్న రోజుల్లో విలియం పామర్ కంపెనీ నిజాం సర్కారుకు పెద్ద వడ్డీలకు అప్పులిచ్చింది. రస్సెల్ ఆ కంపెనీకి అండగా నిలిచాడు. 1820లో ఆయన వెళ్లిపోయి చార్లెస్ మెట్‌కాఫ్ వచ్చాడు. కొత్త సారు పాత లెక్కలు తిరగేశాడు. 60 లక్షల అప్పు గుట్టు బయటపడింది, 1824కల్లా పామర్ కంపెనీ దివాలా తీసింది. దర్బారు అదే, కోఠీ అదే. కుర్సీలో మనిషి మారాడు, అంతే. బదిలీ ఒక్కోసారి మేలు కూడా చేస్తుందని చెప్పడానికే ఈ ముచ్చట.

ఇక దేశాలు తగువుపడినప్పుడు జరిగే మార్పులు వేరు. ఏ దేశమైనా కారణం చెప్పకుండానే ఒక దౌత్యాధికారిని పొమ్మనవచ్చు. 2025 ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రదాడి తర్వాత హైకమిషన్ల సిబ్బందిని 55 నుంచి 30కి తగ్గించాలని మన సర్కారు నిర్ణయించింది. ఢిల్లీలోని పాకిస్తాన్ హైకమిషన్‌కైనా, ఇస్లామాబాద్‌లోని మనదానికైనా అదే లెక్క. 2023 అక్టోబర్‌లో కెనడా 41 మంది దౌత్యాధికారులను మన దేశం నుంచి వెనక్కి తీసుకుంది. చండీగఢ్, ముంబయి, బెంగళూరు కాన్సులేట్లలో నేరుగా అందే సేవలు ఆగాయి. ఢిల్లీలో పెద్దవాళ్లు చేసుకున్న తగువు, వీసా కోసం చూసే మన పిల్లల గడపదాకా వచ్చింది.

ఆ రోజు ఆమెకు మూడేళ్ల లెక్క తప్ప ఇదంతా చెప్పలేదు. “మొదటికెల్లి కాదు చెల్లె, ఈసారి పద్ధతిగా చేద్దాం” అన్నాను. కొత్త అర్జీ మొదలుపెడుతూ ‘గౌరవనీయులైన కార్మిక సంక్షేమ అధికారి గారికి’ అని కొట్టాను.

“పేరు రాయవా అన్నా? పేరుంటె మర్యాద గదా.”

“పేరుకు రాస్తె పేరుతోనే పోతది. కుర్సీకి రాద్దాం.”

తర్వాత తేదీల పట్టిక వేశాను. ఎప్పుడు ఫోన్ చేశాం, ఎవరు ఎత్తారు, ఏమన్నారు, అన్నీ రాశాను. పాస్‌పోర్టు నకలు, ఒప్పంద పత్రం జతచేశాను. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కించి, అది ఇచ్చిన నంబరును ప్రతి కాయితం మీదా పెద్దక్షరాలతో రాశాను. మనిషి బదిలీ అవుతాడు గానీ నంబరు కాదు. చేతిలో పైసలు లేక చిక్కుకుపోయినవాళ్లకు 2009లో పెట్టిన ప్రవాసీ సంక్షేమ నిధి ఎంబసీలో ఉంటుంది. దాని నుంచి సాయం కావాలని కూడా అడిగాం.

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. కొత్త అధికారి “మీ విషయం ఏంటి?” అని అడగలేదు. మేం రాసిన పట్టికే ముందర పెట్టుకుని, రెండో ఫోన్ నాడు కంపెనీవాళ్లు ఏమన్నారని అడిగాడు. ఇప్పటికి మూడు నెలల జీతం వచ్చింది. మిగిలిన నాలుగింటికి, పాస్‌పోర్టుకు ఇంకా నడుస్తోంది.

పోయిన వారం ఆమె మళ్లీ దుకాణానికి వచ్చింది, కాయితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో వరుసగా పెట్టుకుని. “ఈ సారు వానకాలంలనే వచ్చిండు గదా అన్నా. మూడేండ్లుంటడంటివి” అని వేళ్లు మడిచి లెక్కపెట్టింది. “అంటె ఇంక మూడు బతుకమ్మలు. అంతదాక ఆగొద్దు. ఇయ్యాల్నే ఫోన్ కలుపు.”

నేను నంబరు నొక్కాను.